చేతివాటం ధ్రువపత్రం

గవర్రాజుకి మేకు కొట్టడం రాదు. కొడితే మేకు వంకర పోతుంది, లేదా గోడ పెచ్చు ఊడుతుంది, రెండూ కాకపోతే వేలు వాస్తుంది. ఇంట్లో కేలండరు తగిలించాలన్నా భార్య మంగతాయారే స్టూలెక్కాలి. ఆవిడ చేతిలో పడితే పాత కర్టెను దిండు గలీబవుతుంది, అరిగిపోయిన సైకిలు టైరు కూర్చునే మోడా అవుతుంది. ఈయన పక్కన నిలబడి జాగ్రత్త తాయారూ, జాగ్రత్త తాయారూ అంటూ ఉంటాడు. ఆ పని మాత్రం శుభ్రంగా చేస్తాడు.

ఆయనకి రానిది ఇంకొకటి కూడా ఉంది. కొత్తలంకపేట మున్సిపాలిటీలో ఇరవై తొమ్మిదేళ్లుగా స్టోర్సు గుమాస్తా. వీధి దీపాల బల్బులు, బ్లీచింగు బస్తాలు, మేకులు, తాళ్లు, చీపుళ్లు అన్నీ ఆయన తాళంచెవి కిందే ఉంటాయి. ఇన్నేళ్లలో ఒక్క గుండుసూది ఇంటికి పట్టుకెళ్లిన పాపాన పోలేదు. ఊళ్లో ఎవర్నడిగినా గవర్రాజు గారికి చేతివాటం లేదండీ అంటారు.

చేతివాటం అంటే ఏమిటో తెలుగువాడికి ఒకరు చెప్పక్కర్లేదు. పెళ్లివారింట్లో వెండిగ్లాసు మాయమైతే, ఆ వచ్చినవాళ్లలో ఎవరికో చేతివాటం ఉందంటారు. పేపర్లో 'గుమాస్తా చేతివాటం' అని పడితే, ఏం పట్టుకుపోయాడో చదవడానికే తక్కిన వార్త. ఆ మాట తన పేరు పక్కన పడకుండా రిటైరైపోవాలని గవర్రాజు కోరిక. ఈలోగా సూపరింటెండెంటు కావాలని ఇంకో కోరిక. రెండూ న్యాయమైనవే. రెండు నెలల్లో ఆ కుర్చీ ఖాళీ అవుతోంది, సీనియారిటీలో మొదటి పేరు ఈయనదే. మంగతాయారు అప్పుడే నాలుగిళ్లలో చెప్పేసింది కూడాను.

అంతా సవ్యంగా జరిగితే మనం చెప్పుకోవడానికేముంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే రాజధానిలో ఒక పెద్ద అధికారి గారి భార్య పగిలిన ఊరగాయ జాడీకి రంగులు వేసి దీపం గూడు చేసింది. దాన్ని వీడియో తీసి పెడితే లక్షల మంది చూశారట. ఆ అధికారి గారు రాత్రికి రాత్రి జ్ఞానోదయం పొందారు. ప్రభుత్వోద్యోగులందరూ తమ ఇళ్లలోని పాత సామానును తక్కువ ఖర్చుతో, స్వయంగా, కొత్తగా చేసుకుంటే దేశం బాగుపడుతుందని ఆయనకి తోచింది. పథకం పేరు 'పాత సామానుకు కొత్త సోకు'. ఉత్తర్వు ఇంగ్లీషులో తయారైంది. దాన్ని తెలుగు చేయడానికి భాషా సమన్వయాధికారి సోమయాజులు గారి బల్ల మీదికి పంపారు.

సోమయాజులు గారు మహా పండితులు. ఆయనకి నిఘంటువులే లోకం. పేపరు చదవరు, బస్సెక్కరు, బజారుకి వెళ్లరు. వీటన్నిట్లో భాష పాడైపోయిందని ఆయన అభిప్రాయం. చేతిపనిలో నేర్పు అనే ముక్కకి మంచి అచ్చతెలుగు మాట కావాలని మూడు రోజులు తపస్సు చేశారు. చేయి అంటే చేయి, వాటం అంటే ఒడుపు, రెండూ కలిపితే ఎంత ముచ్చటైన మాట అని మురిసిపోయి సంతకం పెట్టారు. ఆ ఫైలు మీద ఆ తరవాత పదకొండు మంది సంతకాలు పెట్టారు. పదకొండు మందికీ ఆ మాట చూడగానే గొంతులో ఏదో అడ్డుపడింది. పైవాళ్లు ఆలోచించకుండా పెడతారా అని ప్రతివాడూ పైసంతకాన్ని చూసి మింగేశాడు.

ఉత్తర్వు ఇలా వచ్చింది: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి ఉద్యోగియు తన గృహమందలి పాత సామగ్రికి, ఐదు వందల రూపాయలు మించని వ్యయముతో, తన చేతివాటము ప్రదర్శించి నూతన శోభ కలిగించవలెను. తనకు చేతివాటము గలదని స్వహస్తముతో వ్రాసియిచ్చి, పై అధికారి వలన ధ్రువపత్రము పొందవలెను. చేతివాటము లేని వారి పదోన్నతి పరిశీలింపబడదు."

గవర్రాజు ఆఖరి వాక్యం నాలుగుసార్లు చదివాడు. కళ్లజోడు తుడుచుకుని ఐదోసారి చదివాడు. కాగితం మారలేదు.

కమిషనరు వేదమూర్తి గారు సిబ్బందినంతా సమావేశపరిచి గంటసేపు ప్రసంగించారు. మన కార్యాలయం చేతివాటానికి పెట్టింది పేరు కావాలనీ, కిందిస్థాయి నుంచి పైస్థాయి దాకా చేతివాటం వేళ్లూనుకోవాలనీ, ఈ విషయంలో తాను ముందుండి నడిపిస్తాననీ చెప్పారు. ఆయన పుట్టింది తెలుగునాటే, చదువు మాత్రం ఎక్కడో. వెనక వరసలో కొందరు రుమాళ్లు నోట్లో కుక్కుకున్నారు. ఇంజనీరింగు సెక్షన్లో ఉండే సత్తిపండు ఒక్కడే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అతగాడి మీద అప్పటికే మూడు ఎంక్వయిరీలు నడుస్తున్నాయి, మూడూ ఆ మాట మీదే.

మర్నాడు పొద్దున్నుంచీ స్టోర్సు ముందు క్యూ కట్టారు. గవర్రాజు గారూ ఒక కేజీ మేకులు, గవర్రాజు గారూ ఒక డబ్బా పెయింటు, గవర్రాజు గారూ ఆ పాత పరదా గుడ్డ ఇటు పారెయ్యండి. పథకం ప్రభుత్వానిది గనక సరుకూ ప్రభుత్వానిదే అని వాళ్ల వాదన. ఈయన ఒక్క మేకు ఇవ్వలేదు. పిసినారి అన్నారు, పిల్లికి బిచ్చం పెట్టడన్నారు. పెట్టనన్నాడు, పిల్లి మున్సిపాలిటీది కాదన్నాడు.

ఇంటికొచ్చి ఉత్తర్వు చూపిస్తే మంగతాయారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. తరవాత ఆఖరి వాక్యం చదివి నవ్వు మానేసింది. వసారాలో ఆవిడ మావగారి నాటి పడకకుర్చీ ఒకటుంది, గుడ్డ చిరిగి, కర్ర చెదలు పట్టి. మధ్యాహ్నం భోజనమయ్యాక మొదలుపెడితే కాఫీ వేళకి దాన్ని పెళ్లికొడుకుని చేసి కూర్చోబెడతాననీ, మీరు పక్కన నిలబడి ఫొటో దిగితే చాలనీ చెప్పింది.

"నువ్వు చేసింది నేను చేశానని చెప్పుకుంటే, అదీ చేతివాటమేగా తాయారూ" అన్నాడాయన.

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఆ మేకులన్నా ఇలా పట్టుకోండి అని నేర్పించడానికి కూర్చుంది.

పదిహేను రోజులు పట్టింది గవర్రాజుకి. సొంత డబ్బుతో బజార్లో మందం గుడ్డ కొన్నాడు, మేకులు కొన్నాడు, వార్నీషు కొన్నాడు. మూడు వేళ్లకి పట్టీలు వేయించుకున్నాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసి, ఆయన సుత్తి ఎత్తగానే నాలుగడుగులు వెనక్కి వెళ్లి, మళ్లీ చూసేవారు. ఎదురింటి వాళ్లు తమ వైపు కిటికీ మూసుకున్నారు. చివరికి పడకకుర్చీ పైకి బాగానే తయారైంది. కుర్చీని నిలబెట్టే ఆనుడు కర్ర ఒక్కటే ముందు వైపున ఉండవలసింది వెనక వైపుకి పోయింది. ఆ సంగతి ఆయనకీ తెలియదు, కుర్చీకీ తెలియదు.

తనిఖీ రోజు వచ్చింది. కమిషనరు గారు, ఇద్దరు సభ్యులు, ఒక ఫొటోగ్రాఫరు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఉద్యోగుల తరఫున సీనియరుని వెంట ఉంచాలని నిబంధన, అంచేత గవర్రాజు కూడా తిరుగుతున్నాడు.

ముందు సత్తిపండు ఇల్లు. హాల్లో సోఫా చూసి కమిషనరు గారు గుమ్మంలోనే ఆగిపోయారు. టేకు చట్రం, చేతుల దగ్గర ఇనుప పువ్వులు, ఆకుపచ్చ గుడ్డ, నలుగురు హాయిగా పడుకోవచ్చు. ఖర్చెంతయిందని అడిగారు. సత్తిపండు వినయంగా చేతులు కట్టుకుని, ఏమీ కాలేదండీ అన్నాడు. ఐదు వందలు మించకూడదంటే సున్నాతో చేసిన మొనగాడని సభ్యులు ముక్కున వేలేసుకున్నారు. గవర్రాజు మాత్రం గొంతుక్కూర్చుని సోఫా కిందికి తొంగిచూశాడు. చెక్క అడుగున తెల్ల రంగుతో 'కొ.పు.సం. పార్కు 114' అని, అంటే కొత్తలంకపేట పురపాలక సంఘం అని, రాసి ఉంది. అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. ఉంటాయి మరి, అవి ఆయనవే. ఆరేళ్ల కిందట పార్కుకి బెంచీలు పంపేటప్పుడు స్వయంగా రాశాడు.

ఇది పార్కు బెంచీ అండీ, ఆ ఇనుప పువ్వులు వీధి దీపాలవండీ, గుడ్డ మన మీటింగుల్లో టేబుళ్ల మీద పరిచేదండీ అని ఒకటొకటిగా మనవి చేసుకున్నాడు. కమిషనరు గారు ఆయన్ని జాలిగా చూశారు.

"గవర్రాజు గారూ, ప్రజావనరులను గృహావసరాలతో అనుసంధానించడమే ఈ పథకం యొక్క ఆత్మ. మీరు ఇంకా పాత ఆలోచనా విధానంలో ఉన్నారు."

ఆ మాట చెప్పి, చేతివాటంలో ప్రథమ శ్రేణి అని రాసి, ముద్ర కొట్టించారు. సత్తిపండు ఆ కాగితం కళ్లకద్దుకున్నాడు. తనకున్న గుణానికి ప్రభుత్వ ముద్ర పడుతుందని పాపం అతను కలలో కూడా అనుకోలేదు.

తరవాత గవర్రాజు ఇల్లు. మంగతాయారు గుమ్మానికి మామిడాకులు కట్టి, పకోడీలు వేసి పెట్టింది. పడకకుర్చీ ముచ్చటగా మెరుస్తోంది. కమిషనరు గారికి అది చూడగానే చిన్ననాటి తాతగారు గుర్తొచ్చారట, అందులో పడుకుని చూస్తానన్నారు. పడుకున్నారు. ఒక్క క్షణం పరమానందంగా కళ్లు మూసుకున్నారు. మరుక్షణం వెనకనున్న ఆనుడు కర్ర జారి, కుర్చీ టప్పున మూసుకుంది. కజ్జికాయలో కొబ్బరిలాగ కమిషనరు గారు లోపల, రెండు కాళ్లు ఒక వైపు, తల ఒక వైపు. నలుగురు పట్టి లాగినా రాలేదు. చివరికి మంగతాయారే వచ్చి, కర్ర తీసి, గుడ్డ వదులు చేసి, ఆయన్ని బయటికి తీసింది. పకోడీలు ముట్టుకోకుండా వెళ్లిపోయారు.

సాయంత్రానికి మెమో వచ్చింది. "శ్రీ గవర్రాజునకు చేతివాటము బొత్తిగా లేదని కమిటీ నిర్ధారించినది. ఇరవై తొమ్మిది సంవత్సరముల సర్వీసులో ఈ లోపమును దాచియుంచినందులకు సంజాయిషీ ఇవ్వవలెను."

కమిషనరు గారితో కలిపి నలభై ఆరు మంది సిబ్బందిలో నలభై ఐదు మందికి ధ్రువపత్రాలొచ్చాయి. ఆఫీసు గుమ్మంలో నిలువెత్తు బోర్డు పెట్టారు, పైన 'చేతివాటం గల మన సిబ్బంది' అని పెద్ద అక్షరాలు. కింద నలభై నాలుగు ఫొటోలు, అందరూ పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ. అందరికంటే పైన 'చేతివాటంలో అగ్రగణ్యులు' అని కమిషనరు గారి ఫొటో, పూలదండతో సహా. పన్ను కట్టడానికి వచ్చినవాళ్లు బోర్డు చదివి, జేబులు తడుముకుని, వెనక్కి వెళ్లిపోయారు. మర్నాడు పేపర్లో పడింది: 'మున్సిపాలిటీలో 45 మందికి చేతివాటం. కమిషనరు సైతం.'

దాంతో విజిలెన్సు డీఎస్పీ గారు జీపేసుకుని దిగారు. ఆయన ఇరవై ఏళ్లుగా కేసులు రాస్తున్న మనిషి. ఒక్క ఉద్యోగికి చేతివాటం ఉందని రుజువు చేయడానికి ఆయనకి సాక్షులు, పంచనామాలు, మూడేళ్లు పట్టేవి. ఇక్కడ బోర్డు కట్టి, ఫొటోలు పెట్టి, పైగా ప్రతివాడూ 'నాకు చేతివాటం గలదని మనఃపూర్వకముగా ధ్రువీకరించుచున్నాను' అని సంతకం పెట్టి, పై అధికారి చేత ముద్ర వేయించుకున్నాడు. ఆయన కాసేపు బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నారు. ఇంత సహకరించే నేరస్థుల్ని తన సర్వీసులో చూడలేదని, కానిస్టేబులుతో అన్నారట.

ఇది చేతిపని గురించి సార్ అని కమిషనరు గారు మొత్తుకున్నారు. చేతిపని గురించేనండీ అని డీఎస్పీ గారూ ఒప్పుకున్నారు. కమిషనరు గారితో సహా నలభై ఐదు మందినీ ఆ పూటే సస్పెండు చేశారు. ఇక డీఎస్పీ గారు ఆఫీసంతా కలయజూసి, ఎవరైనా మిగిలారా అని అడిగారు. స్టోర్సులోంచి గవర్రాజు బయటికొచ్చాడు, చేతిలో మెమోతో. డీఎస్పీ గారు అది చదివి, లేచి నిలబడి సెల్యూటు కొట్టారు.

అలా గవర్రాజు కమిషనరు ఇన్‌చార్జి అయ్యాడు. ఇంజనీరు ఇన్‌చార్జి కూడా ఆయనే. బిల్లు కలెక్టరు, బంట్రోతు, టైపిస్టు, శానిటరీ ఇన్‌స్పెక్టరు అన్నీ ఆయనే. అర్జీ ఈ బల్ల దగ్గర తీసుకుని, ఆ బల్ల దగ్గరికి వెళ్లి పరిశీలించి, మూడో బల్ల దగ్గర సిఫార్సు చేసి, లోపలి గదిలోకి వెళ్లి సంతకం పెట్టి, బంట్రోతులాగా బయటికి తెచ్చి ఇచ్చేవాడు. అన్ని బల్లలూ తిరిగినా పావుగంట పట్టేది. జననధ్రువపత్రానికి ఎనిమిది నెలలు తిరిగిన ఒకాయన, అది పావుగంటలో చేతికొచ్చేసరికి దొంగదేమోనని భయపడి, మర్నాడు వచ్చి నిజమైనదేనా అని అడిగాడు. వీధి దీపాలు వెలిగాయి. వెలిగేసరికి జనం ఏదో పండగనుకున్నారు. పదకొండు రోజులు ఊరు వెర్రి సంతోషంతో ఊగిపోయింది. మంగతాయారు మధ్యాహ్నం కేరేజీ పట్టుకొచ్చి, ఇంతకీ ఏ బల్ల మీద పెట్టమంటారని అడిగేది.

అక్కడ రాజధానిలో మాత్రం కొంపలంటుకున్నాయి. ఒక్క ఊరని కాదు, రాష్ట్రమంతా ఇదే బోర్డు, ఇదే జీపు. ప్రభుత్వం తప్పు ఒప్పుకోవాలంటే పన్నెండు సంతకాలు వెనక్కి తీసుకోవాలి. సంతకం వెనక్కి తీసుకోవడం కంటే మాట అర్థం మార్చడం తేలికని తేల్చారు. గెజిట్ వచ్చింది: "ఇకపై ప్రభుత్వ వ్యవహారములయందు చేతివాటము అనగా హస్తనైపుణ్యము మాత్రమే. ఇది గతమునకు కూడా వర్తించును."

గతానికి కూడా వర్తించేసరికి నలభై ఐదు మందీ దండలతో తిరిగొచ్చారు. సత్తిపండు మీద నడుస్తున్న మూడు ఎంక్వయిరీల్లోనూ 'సదరు ఉద్యోగి చేతివాటం ప్రదర్శించాడు' అని రాసి ఉండడంతో, అవి మూడూ ప్రశంసాపత్రాలుగా మారిపోయాయి. విజిలెన్సు డీఎస్పీ గారు, మరి ఉద్యోగులు సరుకు పట్టుకుపోతే ఏ మాట వాడాలో తెలపమని పైకి రాశారు. జవాబు వెంటనే వచ్చింది. "దొంగతనము అను పదము సామాన్య ప్రజలకు కేటాయింపబడినది. ఉద్యోగుల విషయమున అట్టి పదము యొక్క అవసరము ప్రస్తుతము లేదు."

ఇప్పుడు సూపరింటెండెంటు కుర్చీ సంగతి వచ్చింది. మొదటి పేరు గవర్రాజుది, కాగితం లేదు. రెండో పేరు సత్తిపండుది, కాగితాలు నాలుగున్నాయి. ఈ గందరగోళమంతా తన మాట వల్లే వచ్చిందని సోమయాజులు గారికి ఎవరో చెప్పారు కాబోలు, ఆయన జీవితంలో మొదటిసారి బస్సెక్కి కొత్తలంకపేట వచ్చారు. కమిషనరు గారి గదిలో గవర్రాజుని కూర్చోబెట్టి, ఎంతో ఆదరంగా చెప్పారు. మాటకి అర్థం మారిపోయింది. చట్టప్రకారం మచ్చ లేదు. నాకు చేతివాటం ఉంది అని ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే, రేపే ఆర్డరు. పడకకుర్చీ సంగతి మరిచిపోతానని కమిషనరు గారు కూడా పెద్దమనసుతో అన్నారు, నడుం పట్టుకుని.

గవర్రాజు కలం తీసుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్లు ఎదురుచూసిన కుర్చీ అద్దం తలుపులోంచి కనిపిస్తూనే ఉంది. తాయారు నాలుగిళ్లలో చెప్పిన సంగతి గుర్తొచ్చింది. 'నాకు' అని రాశాడు. చెయ్యి ఆగింది. సోమయాజులు గారు వ్యాకరణదోషమేమైనా ఉందా అన్నట్టు కాగితంలోకి వంగి చూశారు.

"అర్థం గవర్నమెంటోరు మార్చారు గానండీ, మా వీధికింకా జీవో రాలేదండీ" అని గవర్రాజు కలం మూత పెట్టేశాడు.

సత్తిపండు సూపరింటెండెంటయ్యాడు. గవర్రాజు సర్వీసు రిజిస్టర్లో ఎర్ర సిరాతో 'ఇతనికి ఏ కోశానా చేతివాటము లేదు, ఇక వచ్చు సూచనలు కూడా లేవు' అని రాసి ముద్ర వేశారు. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి ఆయనకి రెండు రోజులు పట్టింది. మంగతాయారు విని, మర్నాడే నాలుగిళ్లకీ వెళ్లి, ఆ ఎర్ర సిరా వాక్యం పొల్లుపోకుండా అప్పజెప్పి వచ్చింది.

మూడు వారాల తరవాత ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్లిన వేళ, సూపరింటెండెంటు సత్తిపండు స్టోర్సు గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్తున్నారట, ఐదు రోజులు. జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. వీధి తలుపుది, బీరువాది, దేవుడి గదిది. కాస్త మీ దగ్గరుంచండి, రోజూ ఒకసారి ఇల్లు చూసిపెట్టండి అని అడిగాడు.

గవర్రాజు తాళంచెవుల వైపు చూశాడు. ఆఫీసులో మనిద్దరం కాక ఇంకా అంతమంది ఉన్నారు కదా, అందరూ మీ స్నేహితులే, వాళ్లెవరికైనా ఇవ్వచ్చు కదండీ అన్నాడు.

సత్తిపండు గొంతు తగ్గించాడు.

"ఎలా ఇత్తానండీ. ఆళ్లందరికీ సర్టిఫికెట్లున్నాయండీ."